కొవ్వు అనే మాట

ఫిబ్రవరి 6

వదినా,

బిస్కట్ల డబ్బా అందింది. మూత మీద నువ్వు అంటించిన చీటీ కూడా అందింది. "తడి చెయ్యి పెట్టరాదు. పై వరస అయ్యాకే కింది వరస." బిస్కట్లు తినడానికి నిబంధనలు రాసే మనిషి లోకంలో నువ్వొక్కదానివే. మా ఆయన రెండో రోజే కింది వరసలోంచి లాగాడు. నేను చెప్పానని అనకు.

అన్నయ్య కాలు ఎలా ఉంది? ఆ వయసులో స్టూలెక్కి బల్బు మార్చమని ఎవరన్నారు ఆయన్ని? కట్టు విప్పేదాకా మంచం దిగనివ్వకు. దిగితే స్టూలు చూపించి బెదిరించు.

ఇక అసలు సంగతి. ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ నీ గొంతు వింటే నేను ఏడుస్తాను. నేను ఏడిస్తే నువ్వు అన్నయ్యని అలాగే వదిలేసి బస్సెక్కుతావు. అందుకని ఉత్తరం. కూర్చుని చదువు. పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు దించు.

నా ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. కుట్టుషాపులో బడి యూనిఫారాల పని ముగించి వచ్చి స్నానానికి వెళ్తే చేతికి తగిలింది. బటానీ గింజ కన్నా కాస్త పెద్దది, గట్టిగా ఉంది. నొప్పి లేదు కదా అని ఊరుకోబోయాను. మా ఆయన ఊరుకోలేదు. డ్యూటీకి సెలవు పెట్టి, జన్మలో మొదటిసారి వేరేవాళ్ళు నడిపే బస్సులో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. దారంతా ఆ డ్రైవరు బ్రేకులు ఎలా వేస్తున్నాడో విమర్శిస్తూనే ఉన్నాడు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. కేన్సరే. చంకలో ఒక గ్రంథి దాకా వెళ్ళింది. అంతకు మించి వెళ్ళినట్టు కనపడలేదట. ముందు మూడు వారాలకోసారి కీమో ఎక్కిస్తారు, గడ్డ చిన్నదయ్యాక ఆపరేషన్. డాక్టరమ్మ నా ఈడు మనిషి. అటూ ఇటూ చూడకుండా నా మొహంలోకి చూసి చెప్పింది. నాకు నచ్చింది.

ఇంకో ముక్క విను, నవ్వొస్తుంది. గడ్డ చుట్టూ ఉన్న కొవ్వే దానికి తిండి పెడుతుందట. అది పెరగడానికీ, పక్కకి పాకడానికీ సాయం చేస్తుందట. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళకి ఒంట్లో కొవ్వు ఎక్కువుంటే ఈ జబ్బు వచ్చే అవకాశం కూడా ఎక్కువేనట. నా పద్నాలుగో ఏటినుంచీ నువ్వు "కొవ్వెక్కిందే నీకు" అంటూనే ఉన్నావు కదా! ఆవిడ ఇన్ని యంత్రాలు పెట్టి చివరికి నీ మాటే చెప్పింది. ఆ ఫీజేదో నీకిస్తే సరిపోయేది.

భయంగానే ఉంది. రాస్తున్నంతసేపూ కాస్త తగ్గింది.

నీ
బొద్దు


ఫిబ్రవరి 11

బొద్దుకు,

కూర్చునే చదివాను. పొయ్యి మీద పాలున్నాయి. దించమన్నావు కానీ, దించడానికి లేస్తే మళ్ళీ ఉత్తరం చేతిలోకి తీసుకోలేనేమో అనిపించింది. పొంగిపోయాయి.

మీ అన్నయ్యకి చెప్పాను. "దానికెందుకొచ్చిందే?" అని నన్నే అడిగారు. తరవాత గోడవైపు తిరిగి పడుకున్నారు. కట్టు కాలితో అటు తిరగడం ఎంత కష్టమో రోజూ చూస్తున్నాను. అయినా తిరిగారు.

నవ్వొస్తుందని నువ్వు రాసిన చోట నాకు నవ్వు రాలేదు. నేను ఈ ఇంటికి వచ్చేసరికి నువ్వు ఈనెపుల్లలా ఉండేదానివి. తల్లి పోయిన పిల్లవి. నాకూ అప్పుడు పందొమ్మిదేళ్ళే. ఏడిస్తే ఏం మాటలు చెప్పాలో తెలిసేది కాదు. పెట్టడం తెలుసు. పెట్టాను. "పిల్ల బొద్దుగా తయారైందమ్మా, ఏం పెడుతున్నావు?" అని ఎదురింటావిడ అడిగితే నాకేదో బహుమానం ఇచ్చినట్టుండేది. నీ పెళ్ళయ్యాక కూడా ఆపలేదు. నెల తిరిగేసరికి డబ్బా. కిలో పిండికి ముప్పావు కిలో వెన్న. ఇన్నేళ్ళూ నేను పెట్టిన తిండి ఎక్కడికి పోయిందో నీ ఉత్తరం చూశాక తెలిసింది.

నువ్వు రాసిన ఆ మాట ఇక నా నోట రాదు. నా కలంలోంచి కూడా రాదు.

వీధి చివర గ్రంథాలయంలో ఆరోగ్య పత్రికలన్నీ తిరగేశాను. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని కాలేదు. అర్థమైనంత వరకు గడ్డకి ఆ పదార్థం కట్టెల్లాంటిది. కట్టెలు లాగేస్తే పొయ్యి ఆరుతుంది. అది నాకు తెలిసిన పనే. అందుకని దీంతో ఒక చార్టు పెడుతున్నాను. ఏ రోజు ఏ పూట ఏమిటో గళ్ళు గీసి రాశాను. నూనె, వెన్న, మీగడ, గింజలు పూర్తిగా బంద్. అన్నం సగానికి సగం. పాలు నీళ్ళు కలిపి. వంటింటి గోడకి, కంటికెదురుగా అంటించు. ఒక్క పూట తప్పినా ఊరుకోను. ఓట్స్ దోరగా వేయించి పొట్లం కట్టాను, అవి పొద్దున పూటకి.

ఈ ఒక్కసారి నా మాట విను.

వదిన


మార్చి 2

వదినకు నమస్కారం,

ఇలా మొదలుపెట్టడం కొత్తగా ఉంది కదూ? నీ ఉత్తరం కొంచెం పెద్దమనిషి తరహాలో ఉంది. అందుకని నేనూ పద్ధతిగా మొదలుపెట్టాను.

మొదటి కీమో అయింది. కుర్చీలో కూర్చోబెట్టి చేతికి సూది పెట్టి బొట్టు బొట్టుగా ఎక్కించారు. పక్క కుర్చీలో ఒక రిటైరైన లెక్కల టీచరు. ఎక్కుతున్నంతసేపూ నాకు గళ్ళ నుడికట్టు నేర్పింది. రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజునుంచి నోరంతా పూత, ఏం తిన్నా ఇనుప ముక్క నాకినట్టుంది. జుట్టు దువ్వెనకి వస్తోంది. మిగిలింది మా ఆయన మెషిన్‌తో తీసేశాడు. తీసి, వెనక్కి తగ్గి చూసి, "నీ తల ఇంత గుండ్రంగా ఉంటుందని పెళ్ళిచూపుల్లో చెప్పలేదే!" అన్నాడు.

నీ చార్టు గోడకి అంటించాను. నువ్వు పెట్టిన తిండి ఎక్కడికి పోయిందో తెలిసిందన్నావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నిజమే, నువ్వు అంత కష్టపడి పెట్టినదంతా తీసుకెళ్ళి ఈ గడ్డకి అప్పజెప్పాను. ఈ నెల డబ్బా ఎందుకు రాలేదో కూడా అర్థమైంది. పోస్టాఫీసులో రెండుసార్లు అడిగి మరీ అర్థం చేసుకున్నాను. ఉత్తరం మొత్తంలో ఒక్క తిట్టు కూడా లేదు. నువ్వు తిట్టకుండా రాశావంటే ఎంత కోపంగా ఉన్నావో నాకు తెలియదా?

అందుకని చార్టు తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. నోటి పూత వల్ల ఎలాగూ సహించదు, సులువుగానే ఉంది. నడుం అప్పుడే రెండంగుళాలు తగ్గింది, టేపు అబద్ధం చెప్పదు. నా నీలం గౌను రెండు పక్కలా లోపలికి పట్టి కుట్టాను. మా ఆయన కూడా నాకు తోడని చార్టే తింటున్నాడు. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించుకున్నాడు. డిపోలో "ఏంటి గురూ, ఇంట్లో గొడవా?" అని అడుగుతున్నారట.

నువ్వు సంతోషిస్తావని రాశాను.

బొద్దు (ఇక ఈ పేరు మార్చాలేమో)


మార్చి 8

బొద్దుకు ఆశీస్సులు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండంగుళాలన్న చోట శభాష్ అన్నాను, పైకే అన్నాను. మీ అన్నయ్య పక్కగదిలోంచి "ఎవర్నీ?" అన్నారు. చెప్పాను. "చూశావా, దాని పంతం మా నాన్నది" అన్నారు. నీ ఉత్తరం వచ్చాక ఆయన మొహంలోకి కాస్త రంగొచ్చింది.

కోపమెందుకే నాకు? నీ మీద నాకేం కోపం? డబ్బా ఎందుకు పంపలేదో నీకు అర్థమైందన్నావు కదా, అంతే. ఇక దాని గురించి రాయకు. పంపాల్సిన డబ్బా ఖాళీగా పై అరలో బోర్లించి పెట్టాను. వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా నావైపు చూస్తున్నట్టుంటే, మీద గుడ్డ కప్పాను.

ఇక్కడ పనమ్మాయి మానేసింది. మీ అన్నయ్య కర్రల సాయంతో వరండా దాకా నడిచి, ఎవరెస్టు ఎక్కినట్టు నావైపు చూశారు. తిరిగి వస్తుంటే చాపలో కర్ర తట్టుకుంది. నేను పట్టుకున్నాను కానీ నా నడుం పట్టేసింది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరం కుంటుతున్నాం, ఒకరు ఎడమకి, ఒకరు కుడికి.

చార్టులో ఒక మార్పు. గుడ్డులో పచ్చసొన కూడా తీసెయ్యి. నేను మొదటే రాయాల్సింది, మరిచిపోయాను. సాయంత్రం తినే అరటిపండు సగం చెయ్యి. ఫలితం కనబడుతున్నప్పుడే పట్టు బిగించాలి. రెండో కీమో కూడా ఇలాగే దాటెయ్యి. నువ్వు గెలుస్తున్నావే పిల్లా.

నీకు చేతనైనంతలో నెలకోసారి కాదు, వారానికోసారి కొలత రాయి.

వదిన


మార్చి 30

వదినా,

అంతా బాగానే ఉంది. రెండోది ఎక్కించారు. మూడోది మొన్న ఎక్కించాల్సింది, ఆసుపత్రిలో రద్దీ వల్ల వాయిదా వేశారు. కంగారేం లేదు. షాపుకి వెళ్ళట్లేదు. చేతిలో ఉన్న కుట్టుపని పక్కషాపు ఆవిడకి అప్పజెప్పాను. చేతిరాత బాగాలేదు, ఏమీ అనుకోకు, పడుకుని రాస్తున్నాను.

నడుం ఇంకో మూడంగుళాలు తగ్గింది. గౌను మళ్ళీ పట్టి కుట్టాలి.

బొద్దు

(కాగితం వెనక, పెన్సిల్‌తో)

అక్కయ్యా, పోస్టులో వెయ్యమని ఇస్తే వెనక రాస్తున్నాను. తను చెప్పదు. రద్దీ ఏమీ లేదు. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. బరువు మరీ తగ్గిపోయింది. కుర్చీలోంచి లేవబోయి పడిపోయింది. ఈ స్థితిలో మందు ఎక్కించలేమని డాక్టరు వెనక్కి పంపేసింది. రెండు వారాలన్నారు, ఇంకా ఎక్కువ కూడా పట్టొచ్చట. తిండి ఒక్కటే కారణమని చెప్పలేం గాని, ఇలా కడుపు మాడ్చుకోమని ఎవరు చెప్పారమ్మా అని అడిగింది. "నేనే" అంది తను. నేను పక్కనే ఉన్నాను. గోడమీద చార్టు తీసేద్దామంటే ఒప్పుకోవట్లేదు. నా మాట వినదు. మీ మాటే వింటుంది. అందుకే మీకు రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు.


ఏప్రిల్ 4

బొద్దూ,

ఫోన్ చేశాను. మీ ఆయన ఎత్తి "నిద్రపోతోంది అక్కయ్యా" అన్నాడు. లేపొద్దన్నాను. ఫోన్ పెట్టేసి కాగితం తీశాను. ఆయన నీ ఉత్తరం వెనక పెన్సిల్‌తో రాసినందుకు నువ్వు ఆయన్ని ఒక్క మాట అన్నావో, నా మీద ఒట్టే.

ఆ చార్టు చింపెయ్యి. ముందు అది చెయ్యి. మిగతా ఉత్తరం తరవాత చదువు.

చింపావా?

మొన్న మీ అన్నయ్యకి ఎక్స్‌రే తీయించాల్సిన రోజు. అదే ఆసుపత్రిలో, రోగులకి ఏం తినాలో చెప్పే ఆవిడ ఒకామె ఉంటుంది. ఆవిడ గది ముందు వరసలో కూర్చున్నాను. నా వంతు వచ్చాక నీ పేరు చెప్పకుండా, మా ఇంట్లో ఒకమ్మాయికి ఇలా అని మొదలుపెట్టాను. చార్టు నకలు నా దగ్గర ఉంది కదా, బల్లమీద పెట్టాను. గళ్ళు ఎంత శుభ్రంగా గీశానో ఆవిడ మెచ్చుకుంటుందని లోపలెక్కడో ఉంది నాకు, నీ దగ్గర దాచడమెందుకు? ఆవిడ చూసి, కళ్ళజోడు తీసి, "కీమో నడుస్తున్న మనిషికా ఇది?" అంది. ఇంకేమీ అనకపోయినా సరిపోయేది. కానీ చెప్పింది. మందు కేన్సర్ కణాలతో పాటు మంచి కణాల్నీ దెబ్బ తీస్తుందట. అవి మళ్ళీ పుట్టాలంటే ఒంటికి మాంసకృత్తులు కావాలి, శక్తి కావాలి. ఇలా ఎండగడితే ఆ పదార్థం కన్నా ముందు కండ కరిగిపోతుందట. బరువు తగ్గించుకోవాలంటే చికిత్స అయ్యాక, డాక్టర్లు చూసుకుంటూ ఉండగా, నిదానంగా చెయ్యాలట. "ఎవరమ్మా ఇది తయారు చేసింది?" అని అడిగింది. ఏ పత్రికలోనో చూశామన్నాను. నువ్వు "నేనే" అన్నావు. నేను అనలేకపోయాను.

బయటికొచ్చి మీ అన్నయ్య చక్రాల కుర్చీ పక్కన నిలబడ్డాను. "ఏమైందే?" అన్నారు. "క్యూ పెద్దదిగా ఉంది" అన్నాను. నువ్వు రద్దీ అని రాసినట్టే.

నీ మొహం చూడకుండా, నీ ఒళ్ళు చూడకుండా, నీ నోట్లో పూత ఉందని నువ్వే రాస్తే అది చదివి కూడా అరటిపండు సగం చెయ్యమన్నాను. పచ్చసొన తీసెయ్యమన్నాను. నువ్వు తగ్గిపోతుంటే శభాష్ అన్నాను. పైకి అన్నాను. నిన్ను లావు చేశానని కుమిలిపోయి, ఆ కుమిలిపోవడం తగ్గడానికి నిన్ను ఎండగట్టాను. నాకు మందు కావలిసొచ్చి అది నీ చేత తాగించాను.

ఇక నేనేమీ చెప్పను. మీ డాక్టరమ్మ ఏం తినమందో అడిగి రాయి. అది మాత్రమే చేసి పంపుతాను. ఏదీ వద్దంటే ఏదీ పంపను. వెన్న గిన్నె తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను మొన్న. ఇది నీకు మంచిదో చెడ్డదో తేల్చుకోలేక మళ్ళీ లోపల పెట్టేశాను.

నువ్వు నన్ను తిట్టాలి. తిడుతూ రాయి.

వదిన


ఏప్రిల్ 14

వదినా,

తిట్టమన్నావు కాబట్టి ముందు తిట్టేస్తాను. బుద్ధుందా? చింపావా అని మధ్యలో అడగడమేమిటి, నేను ఎదురుగా ఉన్నట్టు! నిజంగానే లేచి వెళ్ళి చింపాను. చింపి వచ్చి మిగతాది చదివాను. గోడకి టేపు మచ్చ మిగిలింది. మా ఆయన దాని మీద బస్సు క్యాలెండరు తగిలించాడు.

నిన్న రక్తపరీక్షలో కణాలు పెరిగాయి. ఈ వారంలోనే మూడోది ఎక్కిస్తారట. డాక్టరమ్మ తినమన్నవి: గుడ్లు పచ్చసొనతో సహా, పప్పు, పాలు, చేపలు, పళ్ళు, గింజలు గుప్పెడు. తినగలిగితే తిను, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తిను అంది. "అప్పుడప్పుడూ ఓ బిస్కట్టు?" అని అడిగాను. "అప్పుడప్పుడూ అంటే ఎంత?" అంది. ఆవిడకీ ఓ వదిన ఉండి ఉంటుంది.

ఇప్పుడు నువ్వు కూర్చుని చదవాల్సిన ముక్క. మా ఆసుపత్రిలో కింది అంతస్తులో పరిశోధన చేసే ఒకావిడ ఉంది. ఆపరేషన్ చేసినప్పుడు గడ్డ పక్కనున్న కొవ్వు కొంచెం తమకి ఇవ్వడానికి ఒప్పుకుంటారా అని సంతకం కోసం వచ్చింది. ఇస్తాను గానీ, అది ఏం చేస్తుందో నాకు చూపించమన్నాను. వేరే ఎవరిదో ఫోటో చూపించింది, భూతద్దంలోంచి తీసింది. గడ్డకి దూరంగా ఉన్న కొవ్వు కణాలు సబ్బు బుడగల్లా గుండ్రంగా, నిండుగా ఉన్నాయి. గడ్డకి ఆనుకుని ఉన్నవి చిన్నగా, ముడుచుకుపోయి, లోపల ఏమీ లేకుండా ఉన్నాయి. "వీటికేమైంది?" అన్నాను. గడ్డ వాటిని పిండేస్తుందట. కేన్సర్ కణాలు వచ్చి పక్కన చేరి, దాచుకున్నదంతా ఇచ్చెయ్యమని సంకేతాలు పంపుతాయట, ఇవి ఇచ్చేస్తాయట. ఇచ్చాక అవి ముందులా ఉండవు. మారిపోతాయి. వాపు పుట్టించే రసాయనాలు విడుదల చేసి, చుట్టూ ఉన్న కణజాలాన్నీ పొరల్నీ వదులు చేసి, గడ్డ పాకడానికి తామే దారి చేసి పెడతాయట.

కొవ్వు పని దాచిపెట్టడం, అడిగినప్పుడు ఇవ్వడం. అంతే దానికి తెలిసింది. అడిగిందెవరో అది చూసుకోలేదు. అది వింటుంటే నాకెవరు గుర్తొచ్చారో చెప్పనా? చెప్తే ఏడుస్తావు.

బరువుకి దీనితో ఏ సంబంధమూ లేదని నిన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పను. ఉందట. నెలసరి ఆగాక ఆడవాళ్ళ హార్మోను తయారయ్యేది చాలావరకు కొవ్వులోనేనట, నా గడ్డ ఆ హార్మోను మీద బతికే రకం. కానీ నా ఒక్కదాని విషయంలో ఇది దీనివల్ల వచ్చిందని ఎవరూ చెప్పలేరంది. సన్నగా రివటల్లా ఉన్నవాళ్ళూ నా పక్క కుర్చీల్లో ఉన్నారు. రొమ్మంటేనే సగం కొవ్వు, ఆ గడ్డకి పక్కిల్లు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఇంకొకటి. నేనెందుకు పస్తులున్నానో నీకు తెలియాలి. నువ్వు పెట్టిన తిండి ఎక్కడికి పోయిందో తెలిసిందన్న వాక్యం చదివి, నాకు పెట్టినందుకు నువ్వు బాధపడుతున్నావనుకున్నాను. ఎవరికో పెట్టాల్సింది నాకు పెట్టానే అని. డబ్బా రాకపోయేసరికి ఖాయం చేసుకున్నాను. నీ మీద నువ్వు కోపంగా ఉన్నావని నాకెలా తెలుస్తుంది? నువ్వు ఎప్పుడూ నా మీదే కోప్పడతావు కదా!

గౌను సంగతి. రెండుసార్లు లోపలికి పట్టాను. మామూలుగా అయితే మిగిలిన గుడ్డ కత్తిరించేస్తాను, లేకపోతే ఉబ్బెత్తుగా ఉంటుంది. ఈసారి కత్తెర పెట్టలేదు. అలాగే మడిచి లోపల ఉంచాను. ఎందుకు ఉంచానో అప్పుడు నాకే తెలియలేదు.

డబ్బా పంపు. అప్పుడప్పుడూ అంటే ఎంతో నేను తేల్చుకుంటాను.

బొద్దు (పేరు మార్చట్లేదు)


ఏప్రిల్ 20

బొద్దూ,

ఎవరు గుర్తొచ్చారో చెప్పనక్కర్లేదు. ఏడ్చాను. ఆ ఫోటో నేను చూడకపోయినా నాకు కనబడుతోంది.

డబ్బా పంపుతున్నాను. పిండి కలిపాను, పారేశాను, మళ్ళీ కలిపాను. చీటీ అంటించలేదు. ఎలా తినాలో నీకు చెప్పే మనిషిని కాదు నేను ఇప్పుడు. మీ ఆయనకి కింది వరసే ముందు పెట్టు. ఆయన లేకపోతే నేను ఇంకా శభాష్ అంటూనే ఉండేదాన్ని.

మీ అన్నయ్య కట్టు కోసేశారు. లోపల కాలు వెదురుబద్దలా ఉంది. దాన్ని చూసి ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు, నిన్ను తలుచుకునే అని నాకు తెలుసు. ఆయన చేతికి కర్ర ఇచ్చి నడిపిస్తున్నాను. నేను ఊరు వెళ్ళినా నాలుగు రోజులు నెట్టుకొచ్చేంత అయితే చాలు.

మూడోది ఎక్కించారా? ఒక్క ముక్క రాయి.

వదిన


మే 3

మహారాజశ్రీ వదినగారి దివ్యసముఖానికి,

మూడోది ఎక్కించారు. ఈసారి వాంతులు తక్కువ. గడ్డ తగ్గుతోంది, డాక్టరమ్మ వేళ్ళతో కొలిచి చూసి తల ఊపింది. నాలుగోది తొమ్మిదో తారీకు.

ఇక ఫిర్యాదు. ఈ డబ్బాలో వచ్చినవి బిస్కట్లా, గచ్చు పెంకులా? మా ఆయన ఒకటి కొరికి, "అక్కయ్య మన మీద ఇంకా కోపంగా ఉన్నట్టుంది" అన్నాడు. వెన్న దగ్గర పిసినారితనం చేశావు. నాకు తెలియదనుకోకు, నా నాలుక మీద ఇనుప రుచి పోయింది. ముప్పావు కిలో అని నువ్వే రాశావు, నా దగ్గర రాతమూలకంగా ఉంది. అంచులు మాడ్చావు కూడా. కొలిచేటప్పుడు చేతులు వణికాయా, ముసలిదానా? వంట మరిచిపోతే చెప్పు, ఇక్కడ బేకరీలో దొరుకుతాయి. అక్కడ మూతమీద నిబంధనలు కూడా ఉండవు.

అన్నీ తినేశాననుకో. అది వేరే సంగతి.

మీ గారాల ఆడపడుచు


మే 8

బొద్దూ,

నీ ఫిర్యాదు చేరింది. మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "ముసలిదానా" అన్న చోట ఆయన నవ్విన నవ్వుకి కర్ర కిందపడింది. ఈ ఇంట్లో నవ్వు వినబడి చాలా కాలమైంది.

వెన్న తగ్గించిన మాట నిజమే. తూకం దగ్గర నిలబడ్డాక చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. నువ్వు ఎంత చెప్పినా, ఆవిడ ఫోటోలు ఎన్ని చూపించినా, ఇది నాలోంచి పూర్తిగా పోతుందని నేను అనుకోవడం లేదు. నిన్ను నింపింది నా చెయ్యే, ఖాళీ చేసింది నా చెయ్యే. రెండుసార్లూ ప్రేమగానే చేశాననుకున్నాను. అందుకే ఇక ముందు చేసేటప్పుడు నిన్ను అడిగి చేస్తాను. వెన్న ఎంతో నువ్వు చెప్పు, అంతే వేస్తాను.

అయినా, నిన్ను పద్నాలుగేళ్ళప్పటినుంచి చేతుల్లో పెట్టుకు పెంచినదాన్ని పట్టుకుని ముసలిదానా అంటావా? బేకరీకి పోతావా? దీనికి నీకు ఏం జవాబు రాయాలా అని సాయంత్రమంతా ఆలోచించాను. ఆ మాట రాయనని ఫిబ్రవరిలో నీకు మాటిచ్చాను. దాని బదులు ఇంకేదైనా దొరుకుతుందేమోనని వెతికాను. పొగరు అని రాసి కొట్టేశాను, చూడు, పైన మచ్చ ఉంది. బలుపు అని రాసి కొట్టేశాను. ఏదీ నీకు అతకలేదు. నీకు కొలతకి సరిపోయే మాట ఒకటే ఉంది.

కొవ్వెక్కిందే నీకు. బాగా ఎక్కింది.

పదిహేనో తారీకు పొద్దున బస్సు దిగుతున్నాను. వచ్చి ఆ సంగతేదో చూస్తాను. ఆ గౌను కుట్లు విప్పి ఉంచు.

వదిన